మాట కంటే ముందే పెదవులు ఎందుకు కదులుతాయి?

టీవీకి బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కలిపి చూస్తుంటే ఒక్కోసారి హీరో పెదవులు ముందు కదులుతాయి, మాట ఆ తర్వాత వినిపిస్తుంది. క్రికెట్‌లోనైతే బంతి బ్యాటును తాకి వెళ్లిపోయాక ‘టక్’ మంటుంది.

టీవీ ఆ శబ్దాన్ని ఉన్నదున్నట్టుగా పంపదు. అంకెల రూపంలోని శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, కుదించి, రేడియో తరంగాల మీద పంపుతుంది. ఊరెళ్లేవాళ్లు బట్టలు మడిచి పెట్టెలో కుక్కి, చేరాక విప్పుకున్నట్టు, ఇయర్‌బడ్ ఆ ముక్కలను విప్పి మళ్లీ శబ్దంగా మారుస్తుంది. తరంగాలు కాంతి వేగంతో వెళతాయి కాబట్టి దారిలో ఆలస్యం దాదాపు లేనట్టే. సర్దడానికీ విప్పడానికీ మాత్రం సమయం పడుతుంది.

ఇంకో చిక్కుంది. వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ కూడా తరచుగా బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలనే వాడతాయి. ఆ రద్దీలో కొన్ని ముక్కలు పోతే టీవీ మళ్లీ పంపాలి. ఈలోగా మాట తెగిపోకుండా ఇయర్‌బడ్ కొన్ని ముక్కలను ముందే దాచుకుంటుంది. ఆలస్యంలో పెద్ద వాటా ఈ ముందుజాగ్రత్తదే. అన్నీ కలిపి సెకనులో పదోవంతు, ఐదోవంతు దాకా పట్టవచ్చు. వట్టి పాట వింటే ఈ తేడా తెలియదు, పక్కన బొమ్మ ఉంటేనే పట్టుబడుతుంది. అందుకే కొన్ని పరికరాలు బొమ్మను కూడా అంతసేపు ఆపి, మాటతో కలిపి చూపిస్తాయి.