చేపనూనె ఎముక క్యాన్సర్‌కు మందవుతుందా?

ఎముకలలో పుట్టే క్యాన్సర్లలో ఆస్టియోసార్కోమా ముఖ్యమైనది. ఎదిగే వయసు పిల్లలకు, తరచు మోకాలి దగ్గర వస్తుంది. ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే, "చేపనూనె పట్టించండి, ప్రకృతిసిద్ధమైనదే కదా!" అని చెప్పే ఆత్మీయులకు కొదువ ఉండదు.

ఆ మాట పూర్తిగా నిరాధారం కాదు. చేపనూనెలోని డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం ప్రయోగశాలలో ఎముక క్యాన్సర్ కణాల పెరుగుదలను అడ్డుకుంది. అయితే గాజుపాత్రలోని కణం వేరు, బిడ్డ శరీరం వేరు. 1990లలో సొరచేప మృదులాస్థిపైనా ఇలాగే ఆశలు పెంచుకున్నారు. రోగులపై జరిపిన పరీక్షలలో అది నిలవలేదు.

మేము ముఖ్యంగా చెప్పదలచినది మరొకటి. ఈ వ్యాధికిచ్చే కీమోథెరపీ మందులలో సిస్‌ప్లాటిన్ ఒకటి. కొన్ని చేపనూనెలలో ఉండే ఒక కొవ్వు ఆమ్లం చిట్టెలుకలలో ఈ మందు పనిని దెబ్బతీసిందని నెదర్లాండ్స్ పరిశోధకులు కనుగొన్నారు. చేపనూనె తాగిన ఆరోగ్యవంతుల రక్తంలో ఆ ఆమ్లం పెరగడాన్ని 2015లో ప్రకటించారు. రోగులలోనూ మందు పని తగ్గుతుందని వారు నిరూపించలేదు. అయినా కీమోకు ముందురోజు నుంచి మరునాటి వరకు చేపనూనె మానమని సూచించారు.

ఏయే మందులు వాడుతున్నారని డాక్టరు అడిగితే మనం చేపనూనెను లెక్కలోకి తీసుకోము. ఈసారి ఆ సీసాను కూడా వెంట తీసుకువెళ్ళండి.