కోట వెనక డేరాలు... ఇప్పుడు ఫొటోల్లోనే!

ఫొటోలో నాలుగేళ్ల పాప. గళ్ల గౌను, తెల్ల సాక్సులు, చేతిలో సగం కరిగిన ఐస్‌క్రీం. ఎండకి కళ్లు చికిలించి నవ్వుతోంది. తీసినవాళ్ల ధ్యాసంతా పాప మీదే. అందుకే వెనకున్న గోడ సగం తెగిపోయింది. ఆ సగంలోనే ఓ చారల డేరా, దాని మీద డాలు బొమ్మ, పైన చిన్న జెండా.

ఇలాంటి పాత ఫొటోలు దొరికితే చాలు, భూతద్దం పెట్టి మరీ చూసేవాళ్లున్నారు. విచిత్రమేంటంటే వాళ్లు చూసేది పాపని కాదు, ఆ సగం గోడని. ఎందుకంటే ఆ గోడ ఇప్పుడు లేదు. 1982లో కొట్టేశారు. అది ఎలా ఉండేదో చెప్పేది ఎక్కువగా ఇలా పిల్లల వెనక అనుకోకుండా పడ్డ ముక్కలే.

ఆ గోడ ఉన్నది అమెరికాలో, కాలిఫోర్నియాలోని అనహైమ్‌ డిస్నీల్యాండ్‌లో. పేరు కొత్తేం కాదు. అక్కడ పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన మన అమ్మానాన్నల ఫోన్లలో నీలం కప్పుల కోట ముందు ఓ ఫొటో ఉండే ఉంటుంది. నాన్నగారు చేతులు కట్టుకుని, అమ్మ పట్టుచీర మీద స్వెటర్ వేసుకుని! ఆ కోట గుమ్మం దాటి లోపలికెళ్తే వచ్చేదే ఫాంటసీల్యాండ్. స్నోవైట్, పీటర్ పాన్, ఆలిస్, ఎగిరే ఏనుగు డంబో... అందరూ ఉండే కథల ఊరు. ఇప్పుడు అక్కడ చూస్తే యూరప్‌లో ఏదో పాత పల్లెటూరికి వెళ్లినట్టే ఉంటుంది. చెక్క దూలాల ఇళ్లు, వంకర పొగగొట్టాలు, రాతి గోడలు. ‘ఆహా, వాల్ట్ డిస్నీ ఎంత బాగా కట్టించాడో’ అనుకుంటాం. కానీ ఆయన ఇదేదీ చూడనేలేదు.

డబ్బు చాలక... డేరాలు

డిస్నీల్యాండ్ మొదలైంది 1955 జులై 17న. నారింజ తోటలున్న 160 ఎకరాల్లో, ఏడాది తిరిగేసరికి పార్కు నిలబెట్టేశారు. ఖర్చు సుమారు కోటీ డెబ్బై లక్షల డాలర్లు. ఆ రోజుల్లో అది మామూలు డబ్బు కాదు. ఆ తొందర దెబ్బ గట్టిగా పడింది ఫాంటసీల్యాండ్‌కే. అచ్చం కథల పుస్తకంలోలాంటి ఊరు కట్టాలన్నది డిస్నీ కోరిక. తీరా చూస్తే డబ్బూ లేదు, టైమూ లేదు. ఏం చేశారు? రేకుల షెడ్లలాంటి పెద్ద పెద్ద హాళ్లు లేపి, వాటి ముందు రాజుల కాలం నాటి గుర్రపు పోటీల డేరాల్లా ప్లైవుడ్‌తో ముఖద్వారాలు పెట్టి, రంగులేసి, జెండాలు కట్టేశారు.

మన ఊళ్లకి దసరాకో సంక్రాంతికో వచ్చే ఎగ్జిబిషన్ గుర్తు తెచ్చుకోండి. బయట తాజ్‌మహలో, ఎర్రకోటో ఉంటుంది. వెనక్కెళ్తే వెదురు కర్రలు, గుడ్డలు, తాళ్లు. సరిగ్గా అదే పద్ధతన్నమాట!

ఈ గుట్టు రట్టు చేసింది కూడా ఫొటోలే. 1956లో స్కైవే అని తీగ మీద నడిచే చిన్న చిన్న బుట్టల్లాంటి బళ్లు పెట్టారు. వాటిలో పైనుంచి వెళ్తూ జనం కెమెరా కిందకి తిప్పారు. కింద నుంచి చూస్తే రాజుల డేరా. పైనుంచి చూస్తే బల్లపరుపు షెడ్డు కప్పు! ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది.

మొదటి రోజు సంగతి అయితే చెప్పనక్కర్లేదు. విపరీతమైన ఎండ, దొంగ టికెట్లతో చొరబడిన జనం, పైగా గ్యాస్ లీకై ఫాంటసీల్యాండ్‌ని కాసేపు మూసేయాల్సి వచ్చింది. పడవ షికారు కాలువ గట్లు ఉత్త మట్టి దిబ్బలే. మొక్కలకి డబ్బు అయిపోయి, గడ్డీగాదం పెరిగిన చోట లాటిన్ పేర్లతో బోర్డులు పాతించారని ఇప్పటికీ కథలు కథలుగా చెబుతారు. మరుసటి ఏడాది ఆ గట్ల మీద బుల్లి బుల్లి ఇళ్లు కట్టి, కథల ఊళ్లుగా మార్చారు. కాబట్టి మీకు దొరికిన ఫొటోలో పడవ వెనక బోసి మట్టి గట్టు ఉందంటే, అది ఆ మొదటి రోజుల నాటిదన్నమాట.

ఫొటోల తేదీ పట్టుకోవడం ఇలాగే ఉంటుంది. వెనక మంచుకొండ మాటర్‌హార్న్ లేదా? 1959కి ముందుది. టీకప్పులు కోట వెనక నడిమధ్యలో తిరుగుతున్నాయా? 1982కి ముందుది. స్లైడ్ అట్ట మీద నెల, సంవత్సరం అచ్చేసి ఉంటుంది కదా అంటారా? దాన్ని పూర్తిగా నమ్మకండి. అది ఫిల్మ్ కడిగిన తేదీ. వేసవిలో తీసిన రీలు క్రిస్మస్ దాకా కెమెరాలోనే ఉండిపోవడం ఎవరింట్లో జరగలేదు?

ట్యూనా శాండ్‌విచ్‌ల ఓడ

పాత ఫొటోల్లో అందరికంటే ఎక్కువ నిట్టూర్పులు తెప్పించేది ఓ ఓడ. పీటర్ పాన్ కథలోని కెప్టెన్ హుక్ ఓడ. నిజానికి అదో హోటల్. చేపల డబ్బాలమ్మే ‘చికెన్ ఆఫ్ ద సీ’ కంపెనీ సౌజన్యంతో 1955లోనే మొదలైంది. అమ్మేది ట్యూనా చేప శాండ్‌విచ్‌లు. 1960 చివర్లో దాని పక్కన పుర్రె ఆకారంలో ఓ పెద్ద కొండ, జలపాతాలు, చిన్న మడుగు వచ్చాయి. అప్పట్నుంచి అక్కడ కూర్చుని తినడం అంటే పిల్లలకి దొంగల దీవికి వెళ్లినట్టే. ఆ ఫొటోల్లో ఎవరి ముఖంలోనూ ‘పోజు’ కనిపించదు. బల్లల దగ్గర కాళ్లు జాపుకుని, చెప్పులు వదిలేసి, చేతిలో కాగితం గ్లాసుతో... అలిసిపోయిన మనుషులు. అందుకే అవంత బాగుంటాయేమో.

1982లో మరమ్మతులు మొదలైనప్పుడు ఓడని వేరే చోటికి జరపాలనే అనుకున్నారు. కానీ ఏళ్ల తరబడి చెక్క పుచ్చిపోతూ ఉంటే, సిమెంటు పూసి అతుకులేస్తూ వచ్చారు. కదపబోతే ఎక్కడికక్కడ విరిగిపోయింది. ఇక కొట్టేయక తప్పలేదు. ఇప్పుడు ఆ చోట డంబో ఏనుగులు నీళ్ల మధ్య గుండ్రంగా తిరుగుతున్నాయి. అక్కడ ఓడ ఉండేదని చెబితే చిన్నపిల్లలు నమ్మరు.

కొట్టేసింది ఎవరో తెలుసా?

కొత్త ఫాంటసీల్యాండ్ రూపకల్పనకి నాయకత్వం వహించినాయన టోనీ బాక్స్టర్. ఇదే పార్కులో పదిహేడేళ్ల వయసులో ఐస్‌క్రీం అమ్మిన కుర్రాడు! అంటే ఆ ప్లైవుడ్ డేరాల మధ్యే తిరిగి పెద్దవాడయ్యాడు. బయటి నుంచి వచ్చి సుత్తి పట్టుకున్న మనిషి కాదు.

1983 మే 25న కొత్త ఊరు తలుపులు తెరిచారు. డేరాల స్థానంలో ఇంగ్లండ్, జర్మనీ పల్లెల ఇళ్లు. రంగులరాట్నాన్ని వెనక్కి జరిపారు, కోట గుమ్మం దగ్గర ఇరుకు తగ్గింది. టీకప్పుల్ని ఆలిస్ దగ్గరికి చేర్చారు. పాత సినిమా హాలు తీసేసి పినోకియో రైడ్ పెట్టారు. 1966లో పోయిన డిస్నీ డబ్బుల్లేక వదిలేసిన ఊరు, ఆయన పోయిన పదహారేళ్లకి లేచి నిలబడింది.

లోపల కూడా ఓ తమాషా సర్దుబాటు జరిగింది. 1955 నాటి స్నోవైట్ రైడ్‌లో స్నోవైట్ ఉండేది కాదు! బండెక్కిన మీరే స్నోవైట్ అన్నది వాళ్ల ఆలోచన. మంత్రగత్తె మీ మీదకే వస్తుంది, ఆపిల్ మీకే చూపిస్తుంది. పీటర్ పాన్ రైడ్‌లోనూ అంతే, లండన్ మీద ఎగిరే పీటర్ పాన్ మీరే. ఆలోచన బాగానే ఉంది, ఎవరికీ అర్థం కాలేదు. ‘స్నోవైట్ ఏదీ?’ అని అడిగేవాళ్లే అందరూ. 1983లో ఇద్దర్నీ తెచ్చి లోపల పెట్టారు. స్నోవైట్ రైడ్ పైన ఓ కిటికీ కూడా పెట్టారు. ఉండుండి తెర జరుగుతుంది, దుష్ట మహారాణి కిందకి చూస్తుంది. వరుసలో నిలబడ్డవాళ్లలో కొందరు గమనిస్తారు, కొందరికి ఆ సంగతే తెలీదు.

నిజం చెప్పాలంటే, కొత్త ఊరే బాగుంటుంది. పాత ఫొటోలు చూసి ‘అబ్బ, ఆ రోజులే వేరు’ అనడం తేలిక. ఎండకి వెలిసిన ప్లైవుడ్‌ని పక్కనుంచి చూస్తే అది ప్లైవుడ్డే. ఓడ విషయంలో మాత్రం ఆ మాట అనలేం. దాని స్థానంలో వచ్చినవి ఏనుగులే తప్ప, కాళ్లు జాపుకుని కూర్చునే నీడ కాదు. 1992లో పారిస్‌ డిస్నీల్యాండ్ మొదలైనప్పుడు అక్కడ కెప్టెన్ హుక్ ఓడ, పక్కన పుర్రె కొండ మళ్లీ లేచాయి. ఆ పార్కు రూపకల్పనకి నాయకుడెవరు? మళ్లీ ఆ టోనీ బాక్స్టరే!

చీకట్లో పోయినవి

ఇంతకీ ఈ ఫొటోల్లో ఏం లేదో కూడా చెప్పుకోవాలి. బయటి డేరాలు, ఓడ, టీకప్పులు వేలకొద్దీ దొరుకుతాయి. లోపలివి దాదాపుగా దొరకవు. కారణం ఫిల్మ్. 1955లో కుటుంబాలు వాడిన కొడాక్రోమ్ స్పీడు పది. మంచి ఎండ ఉంటేనే బొమ్మ పడుతుంది. 1961లో ఇరవై అయిదుకి పెంచారు, అయినా చీకటి గదుల్లో కదిలే బండి మీద నుంచి తీయాలంటే కుదిరే పని కాదు. ఫ్లాష్ కొడితే మాయ పోయి రంగులేసిన చెక్కలు మిగులుతాయి. అందుకే స్నోవైట్ లేని ఆ స్నోవైట్ రైడ్ లోపల ఎలా ఉండేదన్నది కంపెనీ తీయించిన కొద్దిపాటి ఫొటోల్లో, ఇప్పుడు డెబ్బై దాటిన ఆనాటి పిల్లల జ్ఞాపకాల్లో ఉంది. అందులోనూ ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పినదానితో కలవదు.

ఉన్న ఫొటోలైనా ఉంటాయా అంటే, అది కూడా ఫిల్మ్‌ని బట్టే. కొడాక్రోమ్ స్లైడ్లని వెలుతురు తగలకుండా డబ్బాలో పెడితే ఇవాళ్టికీ నిన్న తీసినట్టే ఉంటాయి. వేరే రకం స్లైడ్లు, ప్రింట్లు చాలావరకు ఎర్రబడిపోయాయి. వాటిలో నీలి ఛాయ రంగు ముందు చచ్చిపోతుంది, ఎరుపు మిగిలిపోతుంది. నమ్మకం లేకపోతే మీ ఇంట్లో ఎనభైల నాటి పెళ్లి ఆల్బమ్ తీయండి. మామిడి తోరణాలతో సహా అంతా కుంకుమ రంగులోకి తిరిగి ఉంటుంది. పైగా జిగురు పేజీల ఆల్బమ్‌లైతే ఫొటో ఊడి రాదు. లాగకండి, ఉన్నదాన్ని ఉన్నట్టే పేజీతో సహా ఫొటో తీసేయండి. తర్వాత సంగతి తర్వాత.

అక్కడి ఇళ్లలో పెద్దవాళ్లు పోయాక, సామాను అమ్మేటప్పుడు ఈ స్లైడ్ల డబ్బాలు బయటపడతాయి. పిల్లలకి ప్రొజెక్టర్ లేదు, వేసి చూసే ఓపిక అంతకన్నా లేదు. కొన్ని చెత్తలోకి పోతాయి, కొన్ని కిలోల లెక్కన అమ్ముడవుతాయి. కొన్నవాళ్లు ఒక్కొక్కటే వెలుతురుకి పెట్టి చూసుకుంటూ వెళ్తారు. పుట్టినరోజు, కుక్కపిల్ల, కొత్త కారు, ఎవరిదో పెళ్లి... అదిగో, చారల డేరా! ఆ ఒక్కటీ పక్కన పెడతారు. అందులో నవ్వుతున్న పాప ఎవరో వాళ్లకి తెలీదు. ఆ పాపకి, ఎక్కడైనా ఉంటే, తన ఫొటో ఎవరి చేతిలో ఉందో తెలీదు.

ఈ ఫొటోలు పట్టుకుని పార్కుకి వెళ్లి, అదే చోట నిలబడి మళ్లీ తీసుకోవాలనుకునేవాళ్లూ ఉన్నారు. ఫాంటసీల్యాండ్‌లో అది అంత తేలిక కాదు. రాట్నం జరిగిపోయింది, కప్పులు జరిగిపోయాయి, ఏనుగులు జరిగిపోయాయి. కదలనిది కోట ఒక్కటే. దానికి కూడా పాత ఫొటోల్లో ఇంత గులాబీ రంగు లేదు.

అయితే గుర్రాలున్నాయి. రంగులరాట్నం డిస్నీల్యాండ్ కంటే పెద్దది. 1922లో చేసింది, కెనడాలోని టొరాంటోలో ఓ పార్కు నుంచి కొని తెచ్చారు. గుర్రాలన్నీ చేత్తో చెక్కినవే. పాత ఫొటోల్లో నల్లవి, గోధుమ రంగువి, బూడిద రంగువి కనిపిస్తాయి. వచ్చిన ప్రతి పిల్లా తెల్లగుర్రమే కావాలని పేచీ పెట్టడంతో 1975లో అన్నిటికీ తెల్లరంగు వేసేశారు. 1963లో నల్లగుర్రం ఎక్కి దిగనని ఏడ్చిన పిల్ల ఇప్పుడు మనవరాల్ని తీసుకుని వెళ్లి ఆ గుర్రం కోసం చూస్తే నల్లది ఒక్కటీ కనిపించదు. ఫొటోలో జీను మీది చెక్కడం ఎలా ఉందో, తల ఎటు తిరిగి ఉందో చూసుకుని, రాట్నం ఆగినప్పుడల్లా ఒక్కో గుర్రం దగ్గరికీ వెళ్లి పోల్చుకోవాలి.