క్రోఖ్మాల్నా వీధిలో పని నేర్చుకున్నవాళ్ళు

వార్సాలో రొందో దాషిన్స్కియెగో చుట్టూ ఉన్న అద్దాల మేడల్లో మన తెలుగువాళ్ళు చాలామందే ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే యాక్తొరోవ్స్కా వీధి ఉంది. అందులో 6వ నంబరు భవనానికి యుద్ధానికి ముందు చిరునామా క్రోఖ్మాల్నా 92. తల్లిదండ్రులు లేని యూదు పిల్లల కోసం 1908లో ఏర్పడ్డ ఒక సహాయ సంఘం చందాలు పోగేసి కట్టించి, 1912లో తెరిచిన ఇల్లు అది. పేరు దోమ్ షెరోత్. సెంట్రల్ హీటింగు, కరెంటు దీపాలు, స్నానాల గదులు అప్పుడే అందులో ఉండేవి. పిల్లలు వందమందికి పైనే.

ఈ ఇల్లు అనగానే దాన్ని నడిపిన డాక్టర్ యానుష్ కొర్చాక్ గుర్తొస్తాడు. 1942లో పిల్లలతో కలిసి మరణానికి వెళ్ళిన మనిషిగానే లోకం ఆయన్ని తలుచుకుంటుంది. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఆ ఇల్లు రోజూ ఎలా నడిచిందన్నది ఎవరూ పెద్దగా అడగరు. అది నడిచింది ఎక్కువగా ఇంటి రోజువారీ పనులన్నీ చూసుకున్న స్తెఫానియా (స్తెఫా) విల్చిన్స్కా వల్ల, 1923లో మొదలైన బుర్సా వల్ల.

బుర్సా అంటే ఆ ఇంట్లోనే ఉన్న చిన్న హాస్టలు. అక్కడే పెరిగి పెద్దయినవాళ్ళు, తర్వాత బయటి నుంచి టీచరు చదువుకు వచ్చిన యువతీయువకులు అందులో ఉండేవారు. తిండీ బసా ఉచితం. బదులుగా రోజుకు కొన్ని గంటలు పిల్లల పని చెయ్యాలి: చదివించడం, స్నానాలు చేయించడం, జబ్బుపడ్డవాళ్ళ దగ్గర కూర్చోవడం. ఇంతవరకు ఎక్కడైనా ఉండేదే. అసలు చదువు నోటుబుక్కులో ఉంది. చూసిందీ, అర్థం కానిదీ, తమకు కోపం తెప్పించిందీ అందులో రాసి పెట్టాలి. స్తెఫా అవన్నీ చదివి పక్కన జవాబు రాసేది. ఆవిడ చాలా కచ్చితమైన మనిషి, మెచ్చుకోలు అంత తేలిగ్గా దొరికేది కాదు. వారానికోసారి డాక్టరు అందరినీ కూర్చోబెట్టి మాట్లాడేవాడు.

ఆ పిల్లలకో కోర్టు ఉండేది. జడ్జీలూ పిల్లలే. దాని సెక్షన్ల నంబర్లు 1000 దాకా వెళ్తాయి. మొదటి 99 సెక్షన్లూ క్షమించి వదిలేసేవే. పెద్దవాళ్ళ మీదా ఫిర్యాదు చెయ్యొచ్చు. డాక్టరు ఆరు నెలల్లో అయిదుసార్లు తన కేసును తానే కోర్టు ముందు పెట్టుకున్నాడు. ఒకసారి ఒక పిల్లాడి చెంప మీద కొట్టినందుకు, ఇంకోసారి ఒక అమ్మాయిని దొంగవని అనుమానించినందుకు. కొత్తగా చేరిన పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి ఇంతకన్నా పెద్ద పాఠం ఏ ట్రెయినింగ్ కాలేజీ చెప్తుంది?

1940 నవంబరులో నాజీలు ఇంటిని ఖాళీ చేయించి అందరినీ యూదుల ఘెట్టోలోకి తోలారు. అక్కడ 1942 జులై 18న పిల్లలు రవీంద్రుడి ‘డాక్ ఘర్’ నాటకం ఆడారు. ఆడించింది ఎస్తెర్కా వినోగ్రోన్ అనే యువ సహాయకురాలు. ఆగస్టు తొలి వారంలో దాదాపు 200 మంది పిల్లలనూ, డాక్టరునూ, స్తెఫానూ, మిగతా సిబ్బందినీ ట్రెబ్లింకా మరణ శిబిరానికి తీసుకుపోయారు. ఒకప్పుడు బుర్సాలో పని నేర్చుకున్న మిషా వ్రుబ్లెవ్స్కీ ఆ రోజు ఘెట్టో బయట పనిలో ఉండి బతికాడు. ఇదా మెర్జాన్ కూడా బుర్సా మనిషే. యుద్ధం తర్వాత ఆవిడ ఆ ఇంటి జ్ఞాపకాలు రాసింది.

ఇదంతా మన సావనీరులో ఎందుకంటే, మాది మంత్రాలయం పక్క. కోసిగి, పెద్దకడుబూరు, ఆదోని పల్లెల నుంచి ఏటా జనం సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోతారు. గుంటూరు మిరప చేలకు కొందరు, తెలంగాణ పత్తి చేలకు కొందరు. పిల్లల బడి మానిపించకూడదని సర్కారు సీజనల్ హాస్టళ్ళు పెట్టింది. అమ్మానాన్నలు నెలల తరబడి ఊళ్ళో ఉండరు. రాత్రిపూట ఆరేళ్ళ పిల్ల అమ్మ కావాలని ఏడిస్తే పక్కన ఉన్న మనిషి ఏం చెయ్యాలి? ఆ పని మనం పనిగానే లెక్కపెట్టం. వంట రావాలి, లెక్కలు రాయడం రావాలి, అంతే.

ప్రవాసులం మనం ఊరికి డబ్బు పంపితే గది కడతాం, మంచాలు కొంటాం, గేటు మీద పేరు చెక్కిస్తాం. ఆ యూదు సంఘమూ ముందు మేడే కట్టింది, తప్పేం లేదు. పదకొండేళ్ళకు ఆ మేడలోనే పిల్లల్ని చూసుకోవడం నేర్చుకునేవాళ్ళకూ చోటు దొరికింది. అందుకే ఈసారి మన సంఘం కమిటీ ముందు నా ప్రతిపాదన చిన్నదే: టీచరు ట్రెయినింగ్ చదివే మన పక్క అమ్మాయిలూ అబ్బాయిలూ కొందరు సుగ్గి నెలల్లో ఆ పిల్లలతో ఉండేందుకు తిండి ఖర్చూ చదువు ఖర్చూ మనం భరిద్దాం. వాళ్ళు రాసే నోటుబుక్కులు చదివి జవాబిచ్చే అనుభవజ్ఞురాలైన టీచరమ్మ ఒకరిని వెతుకుదాం. గేటు మీద పేరు రాదు కాబట్టి చందాలు కాస్త తక్కువే రావచ్చు. దీపావళి దాటితే సుగ్గి బళ్ళు కదులుతాయి, కమిటీ సమావేశం ఆ లోపే పెట్టాలి.