గత్తర తెలిసిన తాత అరుగు మీదికి ఎందుకు పోయాడు?

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూని తెలంగాణలో 24 గంటలు పాటించారు. ఆ వెంటనే కరోనా లాక్‌డౌన్ వచ్చింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ఊళ్లలో ఇంటింటా ఒకటే ఫిర్యాదు: "ఎంత చెప్పినా తాత ఇంట్ల ఉంటలేడు." ముప్పు అందరికన్నా ఎక్కువ ఆయనకే. మరి ఆయనే ఎందుకు వినలేదు?

మొండితనం అనేస్తే జవాబు సులువు. కానీ అది తప్పు. అంటురోగానికి దూరం జరగడం పెద్దవాళ్లకు కొత్త కాదు. కలరాను పిలిచే గత్తర అనే మాట ఇంకా వాళ్ల నోళ్లలోనే ఉంది. అమ్మవారు పోసిన ఇంటి గడపకు వేపమండలు కడితే బయటివాళ్లు లోపలికి అడుగుపెట్టేవారు కాదు. మన దేశంలో మశూచి చివరి కేసులు కనిపించింది 1975లో. కరోనా వచ్చేనాటికి అరవై దాటిన వాళ్లంతా ఆ రోజులు ఎరిగినవాళ్లే. అయితే వాళ్లు నేర్చుకున్నది రోగికి దూరంగా ఉండడం. కరోనా అడిగింది మంచిగా కనబడే మనిషికి కూడా దూరంగా ఉండమని. జ్వరం, దగ్గు మొదలుకాకముందే ఆ వైరస్ ఒకరి నుంచి ఒకరికి అంటగలదు. "మంచిగున్నోని పక్కన కూసుంటే ఏమైతది బిడ్డా?" అని తాత అడిగితే, ఆ ప్రశ్న వెనుక ఒక జీవితకాలపు అనుభవం ఉంది. ఈ ఒక్క తేడాను ఓపికగా విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ.

ఇంకో కారణం మనసుది. మిగిలిన కాలం తక్కువని తోచేకొద్దీ మనిషి కొత్త పరిచయాలు వదులుకుని, దగ్గరైన కొద్దిమందినే పట్టుకుంటాడని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త లారా కార్‌స్టెన్‌సన్ చెబుతారు. అరుగు మీద కలిసే ఇద్దరు ముగ్గురే తాతకు లోకం. చెవులు సరిగా వినబడని మనిషికి ఫోన్ మాటలు ఆ లోటు తీర్చవు. ఆ రోజుల్లో మనం వాడిన 'సామాజిక దూరం' అన్న మాట కూడా మేలు చేయలేదు. వెలివేతను చూసిన ఊళ్లలో ఆ మాట ఎలా వినబడుతుందో వేరే చెప్పాలా? 'భౌతిక దూరం' అనడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మార్చిలోనే చెప్పింది.

నడివయసు వాళ్ల సంగతి వేరు. వాళ్లకు భయం ఉన్నా వీలు లేకపోయింది. మానుకోట (మహబూబాబాద్) వైపు మిర్చి ఏరే కూలీలు ఆటోలో ఒకరినొకరు ఒరుసుకునే పోవాలి. భూపాలపల్లిలో బొగ్గు గనిలోకి దిగే కార్మికులు పక్కపక్కనే కూర్చోవాలి. వీళ్లను క్రమశిక్షణ లేనివాళ్లని తిట్టడం అన్యాయం. ఆ యాసంగిలో వడ్లను ఊళ్లలోని కేంద్రాల్లోనే కొంటామని, టోకెన్ ప్రకారం రావాలని సర్కారు చెప్పింది. ఏర్పాటు చేస్తే దూరం దానంతటదే వస్తుంది.

కుర్రకారు మాటకొస్తే, ఆ వయసులో తోటివాళ్లు పక్కనుంటే ముప్పు చిన్నదిగా కనబడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. చెరువు గట్టున క్రికెట్ ఆగకపోవడం అందుకే. అయినా ఊరి పొలిమేరలో ముళ్లకంపలు అడ్డం వేసి, కొత్తవాళ్లు రాకుండా కాపలా కాసిందీ ఈ పిల్లలే కదా! 2021 మేలో నల్గొండ జిల్లాలోని ఓ తండాలో, ఇంట్లో వేరే గది లేని ఒక విద్యార్థి చెట్టు కొమ్మలకు మంచం కట్టుకుని 11 రోజులు దాని మీదే గడిపాడు. కుర్రాళ్లకు 'వద్దు' అని చెబితే చెవికెక్కదు, ఒక పని అప్పజెబితే నిలబడి చేస్తారు.

చిన్నపిల్లలు చెప్పినట్టే విన్నారు, పాపం. 2020 సెప్టెంబర్ 1 నుంచి బడి టీవీలోకి, ఫోన్‌లోకి వచ్చింది. పక్క బెంచీ స్నేహితుడు మాత్రం రాలేదు.

మరి మళ్లీ అలాంటి రోజులు వస్తే తాతకు ఎలా చెప్పాలి? అరుగు మానమని కాదు. ఆరడుగులంటే మన లెక్కలో దాదాపు బారెడు. గాలి ఆడేచోట, వేపచెట్టు కింద, ఇద్దరి మంచాలూ బారెడు ఎడంగా వేసి, "తాతా, ఇక్కడ కూసోని మాట్లాడుకోండ్రి" అనాలి. చెవి వినబడదు కాబట్టి కొంచెం గట్టిగా మాట్లాడుకుంటారు, మాట్లాడుకోనివ్వాలి.