బండి కట్టినాయన: కరివర్ధన్

మా విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు కుర్రాడొకడు మొన్న నన్నడిగాడు: "రేసులో పేరంతా డ్రైవర్‌దేనా సార్, మెకానిక్‌కి ఏం లేదా?"

అమెరికా స్టాక్ కార్ రేసుల్లో, అంటే నాస్కార్‌లో, క్రూ చీఫ్ అని ఒకాయన ఉంటాడు. ట్రాక్‌కి తగ్గట్టు బండి సిద్ధం చేయించేది, టైర్లెప్పుడు మార్చాలో చెప్పేది ఆయనే. డబ్బు పెట్టేది టీమ్ ఓనర్. మన దగ్గర ఈ రెండు బరువులూ ఎత్తుకున్నవారు కోయంబత్తూరు సుందరం కరివర్ధన్. అక్కడి తెలుగు నాయుళ్ల మిల్లు కుటుంబం వాళ్ళది.

ఆయనా షోలవరంలో రేసులు నడిపినవారే. కానీ విదేశీ రేసు కారు మామూలు ఇంటి కుర్రాడు కొనగలడా? అందుకే 1988లో మారుతి 800 ఇంజనుతో, ఒక్క సీటుతో 'ఫార్ములా మారుతి' కారు తెచ్చారు. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఏ ఊరి షెడ్డులోనైనా విప్పి బిగించే ఇంజనే! అందరికీ అదే ఇంజనైతే ఇక తేడా చూపించేదెవరు? నడిపేవాడు, సెట్టింగ్ చేసే మెకానిక్.

నరైన్ కార్తికేయన్ మొదలుపెట్టింది ఈ బండితోనే. 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన తొలి భారతీయుడయ్యాడు. 2010లో నాస్కార్ ట్రక్కు రేసుల్లోనూ దిగాడు. అదంతా చూడడానికి కరివర్ధన్ లేరు. 1995లో చిన్న విమానం కూలి చనిపోయారు.

కుర్రాడికి నేను చెప్పిందిదే: కప్పు డ్రైవర్‌కే వెళ్తుంది బాబూ, నిజమే. కానీ కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేకి పెట్టింది బండి కట్టినాయన పేరే. ఉంటానండీ.