బండి కూడా ఊపిరి పీలుస్తుంది

రండి, రండి, అరుగు మీద అందరికీ చోటుంది. ఆ చివరోడా, కాస్త జరుగు, చెల్లిని కూర్చోనీ. ఇవాళ రాజుల కథలు లేవు. భద్రాచలం అవతల అడవి దారిలో ఆగిపోయే మోటారు సైకిలు కథ చెప్పుకుందాం.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా బండి మొరాయించినా బెంగ లేదు. ఏదో ఒక సెంటర్లో మెకానిక్ దొరుకుతాడు. గోదావరి వంతెన దాటి, దుమ్ముగూడెం, చర్ల వైపు పోయి, అక్కణ్ణుంచి లోపలి గూడేలకు మట్టిబాట పట్టినప్పుడు చూడాలి తమాషా. రెండు పక్కలా టేకు, తునికి, ఇప్ప చెట్లే. ఫోను సిగ్నల్ కాసేపుంటే కాసేపుండదు. అందుకే అటు తిరిగే పంతుళ్లు, నర్సమ్మలు, సంతలకు సరుకు మోసే కుర్రాళ్లు, అందరూ సగం మెకానిక్కులే. ప్లగ్గు పానా, ఒక మంచి ప్లగ్గు, ఒక క్లచ్ వైరు వెంట లేకుండా గడప దాటరు.

వాళ్లంతా ఏ కాలేజీలోనూ ఇది చదవలేదు. పొయ్యి వెలిగించడం తెలిస్తే ఇంజను సగం తెలిసినట్టే మరి. పొయ్యి మండాలంటే ఏం కావాలి? కట్టె, గాలి, అగ్గిపుల్ల. ఇంజన్లో కట్టెకు బదులు పెట్రోలు, అగ్గిపుల్లకు బదులు ప్లగ్గు. గాలి మాత్రం గాలే! తేడా ఎక్కడంటే, ఇంజను ఆ మంటను చిన్న గదిలో బంధిస్తుంది. వేడెక్కిన వాయువు బయటికి పోయే దారి లేక పిస్టన్‌ను కిందికి తోస్తుంది. ఆ తోపుడే చైను మీదుగా చక్రానికి చేరుతుంది. పీల్చు, నొక్కు, అంటించు, వదులు. ఈ నాలుగు పనుల వరసతో నడిచే ఇంజన్ను జర్మనీలో నికొలస్ ఒట్టో 1876లో తయారుచేశాడు. మీ నాన్న బండిలో ఉన్నదీ ఆ వరసే.

1985లో మన దేశంలోకి వచ్చిన హీరో హోండా సీడీ 100, తర్వాత ఊరూరా తిరిగిన స్ప్లెండర్, వీటి ఇంజన్లో పిస్టన్ ఖాళీ చేసే చోటు వంద మిల్లీలీటర్ల లోపే. ఆ కాస్త చోటులో, ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతుంటే, 2,000 సార్లు మంట అంటుకుని ఆరాలి. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. అన్నట్టు, ఆ సీడీ 100 ప్రకటనలు పెట్రోలు పోసి మూతేసి మరిచిపొమ్మనేవి. జనం నిజంగానే మరిచిపోయారు. సగం రిపేర్లు ఆ మరుపులోంచే పుడతాయి.

ఇప్పుడొక లెక్క చెబుతా, నోరెళ్లబెట్టకండి. ఒక లీటరు పెట్రోలు సరిగ్గా కాలాలంటే ఎంత గాలి కావాలి? సుమారు 9,000 లీటర్లు! ఒక మనిషి రోజంతా పీల్చే గాలికి దాదాపు సమానం. ఆ గాలంతా ఎయిర్ ఫిల్టర్ గుండానే లోపలికి పోవాలి. మన రోడ్లు ఎలాంటివి? కొత్తగూడెం, మణుగూరు వైపు బొగ్గు లారీలు, ఇటేమో వేసవిలో తునికాకు బాటల్లో చీలమండ దాకా మట్టి. మట్టిలో ఉండే ఇసుక రేణువులు ఇనుమునైనా గీకేస్తాయి. ఫిల్టర్ చిరిగితే అవి సిలిండర్ గోడను అరగదీస్తాయి. ఫిల్టర్ పూడుకుపోతే పొయ్యికి ఊదుగొట్టం లేనట్టే: పొగ, మసి. బండి లాగదు, పెట్రోలు మాత్రం తాగుతుంది.

ఆ మసి ఎక్కడ కనిపిస్తుందో తెలుసా? ప్లగ్గు మూతి మీద. బండి చల్లారాక ప్లగ్గు విప్పి చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే లోపల మంట చక్కగా ఉంది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే గాలి తక్కువో, పెట్రోలు ఎక్కువో. నల్లగా, జిడ్డుగా ఉంటే ఇంజనాయిలు పైకి వస్తోంది, అది పెద్ద డాక్టరు చూడాల్సిన కేసు. తెల్లగా పాలిపోతే పెట్రోలు చాలక ఇంజను మరీ వేడెక్కుతోంది. ఇంత కబురు చెప్పే వస్తువు బండిలో ఇంకోటి లేదు.

ఫిల్టర్ శుభ్రం చేయడంలో ఒక మెలిక ఉంది. పాత బండ్లలో స్పాంజి ఉండేది. కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, కాస్త ఆయిలు పట్టించి పెట్టేవాళ్లం. ఇప్పుడు చాలావాటిలో కాగితం ఫిల్టర్. దాన్ని కడిగారా, ఖతం! నూనె పట్టించిన కాగితమైతే గాలి కూడా కొట్టకూడదు, మార్చేయడమే. మీ బండిది ఏ రకమో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకాన్ని అటక మీద పడేసిన ఇళ్లే ఎక్కువ, ఏం చేస్తాం.

ఇక దారిలో ఆగిపోయినప్పుడు కిక్కు మీద కిక్కు కొట్టి చెమటలు కక్కడం కాదు, వరసగా అడగాలి. పెట్రోలు ఉందా? ట్యాపు రిజర్వులో పెట్టి చూశామా? నిప్పు వస్తోందా? పాత బండయితే విప్పిన ప్లగ్గును దాని టోపీకే తగిలించి, లోహం భాగాన్ని ఇంజనుకు ఆనించి, రబ్బరు టోపీ దగ్గర పట్టుకుని కిక్కు కొడితే నీలం నిప్పురవ్వ కనపడాలి. ప్లగ్గు తీసిన బెజ్జానికి దూరంగా పట్టుకోవాలి సుమా, అక్కణ్ణుంచి పెట్రోలు ఆవిరి వస్తుంది.

చర్ల వైపు ఒక పంతులుగారి బండి ముచ్చట చెప్పాలి. రోజూ ఇంటి దగ్గర బయల్దేరేది, కొన్ని మైళ్లు పోయాక ఒక మలుపు దగ్గర ఆగిపోయేది. పెట్రోలు ఉందో లేదోనని మూత తీసి చూసి, మళ్లీ కిక్కు కొడితే లేచేది. మలుపులో ఏదో ఉందని ఊళ్లో గుసగుసలు. నిమ్మకాయలు కూడా కట్టారట! చివరికి సంత దగ్గర పంచర్లు వేసే పెద్దాయన ట్యాంకు మూత తిప్పి చూసి నవ్వాడు. మూతలో గాలి పోయే సన్నటి బెజ్జం మట్టితో పూడిపోయింది. మీ అమ్మ నూనె డబ్బాకు రెండో చిల్లు ఎందుకు పొడుస్తుంది? గాలి లోపలికి పోతేనే నూనె బయటికొస్తుంది. ట్యాంకులోనూ అంతే. పెట్రోలు తగ్గేకొద్దీ లోపల గాలి ఒత్తిడి తగ్గి, ధార ఆగిపోయింది. గుండుసూదితో ఆ దయ్యం వదిలింది.

వరద సంగతి వేరు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు పెరిగింది, 1986లో 75.6 అడుగుల తర్వాత అంత నీరు అదే. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారంటే ఊహించుకోండి. అలా మునిగిన బండికి ముందు చేయాల్సింది, ఏమీ చేయకపోవడం. సెల్ఫు నొక్కొద్దు, కిక్కు కొట్టొద్దు. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్లో నీళ్లుండగా పిస్టన్ పైకి వస్తే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ప్లగ్గు విప్పి నీళ్లు పోనివ్వాలి. ఆయిలు తీసి చూస్తే పాల టీ రంగులో ఉంటుంది, నీరూ నూనే చిలికినట్టు కలిసిపోయి. అదంతా పారబోసి కొత్తది పోయాలి. పారబోయడమంటే వాగులో కాదు, డబ్బాలో పట్టి మెకానిక్ షెడ్డులో ఇవ్వాలి. ట్యాంకు అడుగున కూడా నీళ్లుంటాయి, పెట్రోలు తేలిక గనక పైన తేలుతుంది. అదీ వంపేయాలి.

చైను విషయంలో మాత్రం ఈ తాత మాట జవదాటొద్దు. ఇంజను ఆన్‌లో ఉంచి, గేరేసి, తిరిగే చైనుకు గుడ్డ అడ్డంపెట్టి తుడిచేవాళ్లున్నారు. గుడ్డ చుట్టుకుంటే వేలు వెంటపోతుంది. ఇంజను ఆపి, న్యూట్రల్లో పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ తుడవాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి పొగ తగ్గించే బీఎస్ 6 నిబంధన బండ్లొచ్చాక, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బొరేటర్ దాదాపు పోయింది. ఎంత పెట్రోలు చల్లాలో చిన్న కంప్యూటరే లెక్కగడుతోంది. మీటరు మీద ఇంజను బొమ్మ దీపం ఆరకపోతే వైర్లు పీకకుండా షోరూముకు తీసుకెళ్లండి. ఫిల్టరు, ప్లగ్గు, చైను, ఆయిలు మాత్రం వాటికీ ఉన్నాయి. తొలకరి పడేలోగా మీ నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ అటక మీది పుస్తకం దించి, ఎయిర్ ఫిల్టర్ ఒక్కసారి విప్పి చూడండి.