సిట్టింగ్‌కే మళ్లీ టికెట్టా? ఆ మాట తేల్చేదెవరు?

బుక్కరాయసముద్రం నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న ప్రశ్న తీసుకుందాం. ఎన్నికలొస్తే మనం ఓటేస్తాం, సరే. కానీ ఫలానా పార్టీ తరఫున ఫలానా మనిషే నిలబడాలని ఎవరు నిర్ణయిస్తారు? ముఖ్యంగా, ఇప్పటికే పదవిలో ఉన్న మనిషి మళ్లీ పోటీ చేస్తానంటే, "వద్దు, ఇంకొకరిని చూద్దాం" అని అడిగే అవకాశం పార్టీలో ఎవరికైనా ఉందా?

ముందు అమెరికా సంగతి చూద్దాం. అక్కడ పార్టీ అభ్యర్థిని ఎన్నుకోవడానికి రాష్ట్రాలవారీగా ముందే ఓటింగ్ పెడతారు. దాన్ని ప్రైమరీ అంటారు. అయితే అధ్యక్షుడే మళ్లీ బరిలో ఉంటే పార్టీలు ఆ ఓటింగ్‌ను పక్కన పెట్టిన సందర్భాలున్నాయి. 2020 ఎన్నికలకు ముందు ట్రంప్ మీద పోటీకి ఆ పార్టీలోనే బిల్ వెల్డ్, జో వాల్ష్, మార్క్ శాన్‌ఫర్డ్ ముందుకొచ్చారు. అయినా 2019 సెప్టెంబరులోనే దక్షిణ కరోలినా, నెవాడా, కాన్సస్ లాంటి రాష్ట్రాల్లో రిపబ్లికన్ పార్టీ శాఖలు పోటీని రద్దు చేశాయి. అందులో దక్షిణ కరోలినాకు శాన్‌ఫర్డ్ గవర్నర్‌గా పనిచేశారు కూడా. ఖర్చు దండగ అన్నది వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి.

డెమోక్రాట్లూ తక్కువ తినలేదు. 2024 ఎన్నికలకు ఫ్లోరిడా శాఖ బైడెన్ పేరు ఒక్కటే పంపింది. ఒక్క పేరే ఉంటే ఇక ఓటింగ్ ఎందుకని అక్కడ ప్రైమరీ జరగలేదు. ఆ జులైలో బైడెనే తప్పుకున్నారు. అప్పటికి ప్రైమరీల కాలం అయిపోయింది. కమలా హారిస్ ప్రైమరీల్లో పోటీ చేయకుండానే అభ్యర్థి అయ్యారు. పదవిలో ఉన్న మనిషిని కాపాడుకుందామని పోటీ తీసేస్తే, ఆ మనిషి తప్పుకున్న రోజున ఓటర్ల ముందు పరీక్షకు నిలబడిన ఇంకొక పేరు చేతిలో ఉండదు.

ఇప్పుడు మన ఊరికొద్దాం. మాది సింగనమల నియోజకవర్గం, ఎస్సీ రిజర్వుడు. 2014లో ఇక్కడ టీడీపీ నుంచి యామినీబాల గెలిచారు. 2019లో పార్టీ ఆమెకు టికెట్ ఇవ్వలేదు, బండారు శ్రావణిశ్రీకి ఇచ్చింది. ఆ ఎన్నికల్లో వైసీపీ నుంచి జొన్నలగడ్డ పద్మావతి గెలిచారు. 2024 వచ్చేసరికి వైసీపీ కూడా సిట్టింగ్‌ను పక్కన పెట్టి, టిప్పర్ డ్రైవరుగా పనిచేసిన వీరాంజనేయులుకు టికెట్ ఇచ్చింది. ఆ టిప్పర్ డ్రైవర్ మాట మీద రెండు పార్టీలూ ప్రచారంలో ఎంత వాదులాడుకున్నాయో మీకు గుర్తుండే ఉంటుంది. చివరికి శ్రావణిశ్రీ గెలిచారు.

అంటే వరసగా రెండు ఎన్నికల్లో, రెండు వేర్వేరు పార్టీలు, సిట్టింగ్ ఎమ్మెల్యేలను మార్చాయి. మార్చడం తప్పని నేను అనను. మారిస్తే బాగుండని ఊర్లో చాలామంది అనుకునే ఉంటారు. నేనడిగేది ఒక్కటే. ఆ రెండుసార్లూ ఆ పార్టీ కార్యకర్తల చేత ఓటు వేయించి లెక్కపెట్టారా? లేదు. అమెరికాలో కనీసం రద్దు చేయడానికి ఒక పోటీ ఉంది. రద్దు చేస్తే అడిగేవాళ్లున్నారు, కోర్టుకు పోయినవాళ్లూ ఉన్నారు. మన దగ్గర రద్దు చేయడానికి అసలు పోటీయే లేదు.

ఉన్నదల్లా బీ-ఫారం. 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు ప్రకారం, పార్టీ అధికారం ఇచ్చిన నాయకుడు సంతకం చేసిన ఆ కాగితం నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల లోపు రిటర్నింగ్ అధికారికి చేరాలి. అది ఎవరి పేరు మీద ఉంటే గుర్తు వాళ్లది. ఆ పేరును ఓటింగ్‌తోనే తేల్చాలని మన చట్టాల్లో ఎక్కడా లేదు.

సిట్టింగ్‌లను ఉంచడమా, మార్చడమా అన్నది కూడా పైవాళ్ల లెక్కే. 2023 ఆగస్టులో తెలంగాణలో కేసీఆర్ 119 స్థానాలకు 115 పేర్లు ఒకేసారి ప్రకటించారు. సిట్టింగ్‌లలో మార్చింది ఏడుగురినే. 39 సీట్లతో ఓడిపోయారు. మరుసటి ఏడాది ఇక్కడ జగన్ పదుల సంఖ్యలో సిట్టింగ్‌లను మార్చారు. 11 సీట్లే వచ్చాయి. ఒకరు ఉంచి ఓడారు, ఒకరు మార్చి ఓడారు. ఓటమికి వంద కారణాలుంటాయి, టికెట్లే కారణమని నేను చెప్పను. కానీ రెండుచోట్లా కింది కార్యకర్త మాట ఓటుగా లెక్కకు రాలేదన్నది మాత్రం నిజం.

"సర్వేలు చేస్తారు కదన్నా" అంటారు. చేస్తారు. 2024కు ముందు టీడీపీ ఫోన్లు చేసి ఎవరు కావాలో నొక్కమని అడిగింది. 2023లో తెలంగాణ కాంగ్రెస్ రుసుము పెట్టి దరఖాస్తులు తీసుకుంటే వెయ్యికి పైగా వచ్చాయి. అడగడం మంచిదే. కాకపోతే సర్వేలో ఎవరికి ఎంత వచ్చిందో నొక్కినవాడికి చెప్పరు. ఓటింగులో మన ముందే లెక్కపెడతారు. ఆ తేడా చిన్నది కాదు.

దీనివల్ల మనకేం నష్టం? ఇది కరువు సీమ. ఇక్కడ ఎమ్మెల్యే పనిలో సగం నీళ్ల కోసం కొట్లాడటమే. చెరువుకు నీళ్లు రావాలంటే పైన మంత్రితోనో, అధికారితోనో గట్టిగా మాట్లాడాలి. 2024 జనవరిలో, అప్పటి ఎమ్మెల్యే పద్మావతి నియోజకవర్గానికి నీళ్ల విషయంలో తన అసంతృప్తిని వీడియోలో బహిరంగంగానే చెప్పారు. తర్వాత టికెట్ వేరేవాళ్లకు వెళ్లింది. ఆ వీడియో వల్లే వెళ్లిందని నేను చెప్పడం లేదు. కానీ చూసే మిగతా ఎమ్మెల్యేలు ఏం నేర్చుకుంటారు? నోరు మూసుకుంటే మంచిదనే కదా. గెలిచాక విప్ భయం ఎట్లాగూ ఉంది. రేపటి టికెట్ కూడా ఒక్కరి చేతిలోనే ఉంటే, మన ఊరి మాట ఎవరు ఎత్తుతారు?

ప్రైమరీ పెడితే అన్నీ బాగైపోతాయా? కావు. డబ్బులిచ్చి సభ్యత్వాలు చేయించేవాళ్లుంటారు. మాలాంటి రిజర్వుడు సీట్లో ఇంకో చిక్కుంది. పార్టీ కమిటీల్లో బలం పెద్ద కులాలదైతే, ఓటింగ్ పెట్టినా వాళ్లు చెప్పిన మనిషే బయటికి రావచ్చు. పైగా నాయకులు మాట మీద నిలబడాలి. 2014లో రాహుల్ గాంధీ చొరవతో కాంగ్రెస్ కొన్ని లోక్‌సభ స్థానాల్లో ప్రైమరీలు పెట్టింది. వడోదరలో నరేంద్ర రావత్ గెలిచారు. అక్కడికి మోదీ వస్తున్నారని తెలిశాక రావత్ తప్పుకున్నారు, మధుసూదన్ మిస్త్రీ బరిలో దిగారు. ప్రైమరీలో ఓటేసినవాళ్ల మాట అంతటితో సరి.

మధ్యేమార్గం ఒకటుంది. బ్రిటన్‌లో లేబర్ పార్టీ సిట్టింగ్ ఎంపీ విషయంలో ముందు స్థానిక శాఖలను అడుగుతుంది: ఈయననే ఉంచుదామా, పోటీ పెడదామా అని. 2018లో మార్చిన నియమం ప్రకారం, 2021 వరకు, మూడో వంతు శాఖలు పోటీ కావాలంటే పోటీ పెట్టాల్సి ఉండేది. అంటే సిట్టింగ్‌ను ఊరికే తీసేయరు, ఊరికే ఉంచేయరు. మన దగ్గర మండల కమిటీలు ఉండనే ఉన్నాయి. రహస్య ఓటుతో ఈ ఒక్క ప్రశ్న వాళ్లను అడిగి, లెక్క బయటపెట్టడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. పార్టీ అనుకుంటే చాలు.

మీరు ఏ పార్టీలో ఉన్నా సరే, జెండా మోసేది మీరు. ఈసారి మండల మీటింగ్‌కు పోయినప్పుడు, టికెట్ ఎవరికని కాదు, ఎట్లా ఇస్తారని అడగండి. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్కారం.